ముక్కు మీద రెండు గుంటలు

ఆఫీసులో అందరూ అతన్ని ఇస్త్రీ మాస్టారంటారు. విగ్రహాల కోసం త్రీడీ స్కానర్ తీసిన మనుషుల ముఖాలు లక్షల త్రిభుజాలతో అల్లిన వలల్లా అతని కంప్యూటర్ తెరమీదికి వస్తాయి. అతను చిరుగులు పూడ్చి, బొడిపెలు అణిచి, అక్కర్లేని త్రిభుజాలు ఏరేస్తాడు. పని చేస్తున్నంతసేపూ నాలుక కొస పళ్ళ మధ్యే ఉంటుంది. అయ్యాక కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, దిద్దకముందున్న పాత ఫైలు చెరిపేస్తాడు. "చెత్తనెవరైనా దాచుకుంటారా?" అంటాడు. ఇంట్లో దుప్పటి మీద ముడత కనిపిస్తే ఆగలేడు. భార్య పడుకుని ఉన్నా ఆవిడ చుట్టూ సర్దుతాడు.

మొన్న ఒక పెద్దావిడ, పోయిన భర్త విగ్రహానికి ముఖం సరిచూసుకోవడానికి వచ్చింది. ఆయన బతికుండగా తీసిన స్కానే అది. తెర వంక చాలాసేపు చూసి, "బాగుంది బాబూ. ఎవరీయన?" అంది. మాస్టారు ఫైలు పేరు మళ్ళీ సరిచూశాడు. "మా ఆయన ముక్కు మీద కళ్ళజోడు గుంటలు రెండుండాలి. నలభై ఏళ్ళ గుంటలవి." స్కానర్ తప్పులనుకుని వాటిని పూడ్చింది మాస్టారే. పాత ఫైలు లేదు. "రేపోసారి రండమ్మా," అన్నాడు. ఆవిడ వెళ్ళాక కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, స్కానర్ ముందు కూర్చుని తన ముక్కునే స్కాన్ చేసుకున్నాడు. అందులోంచి గుంటలు రెండూ కోసి ఆ ముఖానికి అతికించాడు. అతుకు మాత్రం ఇస్త్రీ చేశాడు. మర్నాడు ఆవిడ తెరమీద ఆ గుంటలను వేలితో తడిమింది. "ఆఁ, ఈయనే," అంది. తుడుస్తున్న కళ్ళజోడును మాస్టారు గబుక్కున ముక్కుకు తగిలించుకున్నాడు.