పెద్దమ్మ చదివిన డిటెక్టివ్ కథ

మొన్న ఆదివారం హోసూరులో, మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని పెద్ద రభస చేశాను. పాత తెలుగు డిటెక్టివ్ కథలను ఇప్పుడు సీరియల్‌గా తీస్తున్నారు. ఆ రోజు వచ్చిన కథ నాకు చిన్నప్పటి నుంచీ కంఠోపాఠం. ఒక పెద్ద రైతు విషం వల్ల చచ్చిపోతాడు. చంపింది అతని తమ్ముడు, పొలం కోసం. సీరియల్లో మాత్రం పెళ్ళామే మజ్జిగలో విషం కలిపిందని తేల్చారు. "కథనంతా పాడు చేసినారు!" అని అరిచాను. "రాసినాయన కంటే మీకే బాగా తెలుసునా?" అని మా ఆవిడ నవ్వింది. పంతానికి పోయి ఆ పుస్తకం తెప్పించాను.

నాకు ఆ కథ చదివి వినిపించింది కుందారపల్లిలోని మా పెద్దమ్మ. కుప్పం వైపు నుంచి కాపురానికొచ్చిన మనిషి. మాకందరికీ ఇంట్లో తెలుగు, బడిలో అరవం; తెలుగు అక్షరాలు వచ్చింది ఆమె ఒక్కతికే. చింతపండు కాలంలో మధ్యాహ్నాలు ఆ ఊళ్ళో మా ఉమ్మడి ఇంటి వసారాలో ఆడవాళ్ళు కాయలు కొట్టి గింజలు తీస్తుంటే, ఆమె పుస్తకం చదివేది. పులుపు వాసనకు పళ్ళు జివ్వుమంటున్నా నేను కదిలేవాణ్ణి కాదు. ఆ వరసలో గొర్రెలు మేపుకునే ఇంటి ఆమె ఒకతి కూర్చునేది. మొగుడు ఉన్నట్టుండి పోయి ఏడాది కాలేదు. ఆమే తిండిలో ఏదో పెట్టిందని ఊరంతా గుసగుసలు. మా ఇంట్లో తప్ప ఆమెను ఎవరూ పనికి పిలిచేవారు కాదు.

యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలతో, కూడబలుక్కుంటూ పుస్తకం పూర్తి చేశాను. టీవీవాళ్ళ తప్పేమీ లేదు. పుస్తకంలోనూ పెళ్ళామే. తమ్ముడన్నవాడే ఆ కథలో లేడు.

పుస్తకం పట్టుకుని కుందారపల్లికి పోయాను. పెద్దమ్మకిప్పుడు చూపు ఆనదు. చివరి పేజీ చదివి వినిపించి, ఎందుకు మార్చావని అడిగాను. పుస్తకం అందుకుని అట్టను చేత్తో తడిమింది.

"ఆయమ్మ నా ఎదురుగానే కూచోనుండె కదప్పా. పెండ్లాం మీద అనుమానమని వచ్చేసరికి గింజలు తీసే చేతులన్నీ నిలిచిపోయినాయి. అందరూ ఆయమ్మనే చూస్తా ఉండారు. పేజీ తిప్పితే పెండ్లామే చంపిందని ఉండాది. ఎట్ల చదివేది? లేని తమ్ముణ్ణి పుట్టించినాను. నిజమేందో నాకేం తెలుసు? తెల్లారి ఆయమ్మ పనికి వస్తాదో రాదో అని వాకిలి పక్కే చూస్తా ఉంటిని. వచ్చింది."

నలభై ఏళ్ళకు పైగా నేను తిట్టుకున్న ఆ తమ్ముడు ఏ పుస్తకంలోనూ లేడు. ఆ వసారాలో కథ విన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది పెద్దమ్మా, నేనూ. మా తర్వాత వాడూ ఉండడు.