తలుపు తియ్యి బిడ్డా అన్న రోజు

రూబీ, ఇట్ల వచ్చి కూసో. ఫోన్ అవుతల పెట్టి మంచిగ ఇను. చర్చి పత్రికల అచ్చయ్యేది, నువ్వు సగం ఇని సగం రాస్తే నా సాక్ష్యం ఖరాబైతది. ఆఁ, రాయి.

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరిట మీకందరికి వందనాలు. నేను పాతబస్తీ శాలిబండల ఉండే ముసలిదాన్ని. నన్ను పట్టి పీడించింది షుగరు కాదు, బీపీ కాదు, భయం! ఎనుకట కర్ఫ్యూ పెడితే, డ్యూటీకి వోయిన మా ఆయన ఇల్లు చేరేదాంక నేను పిల్లల్ని మంచం కిందికి నూకి, గడియ పెట్టి, సప్పుడు చెయ్యకుండ కూసునేదాన్ని. కర్ఫ్యూ పోయింది గని భయం నా ఇంట్లనే ఉండిపోయింది. పక్కింటి ఖాలా రంజాన్‌కు సేమ్యా తెచ్చి తలుపు కొట్టినా, కిటికీలకెళ్ళి చూసినంకనే తీసేది!

మా పెద్ద మనుమరాలు గ్రేసు, పాత గోడల మీది బొమ్మలు బాగుచేసే చదువు కోసమని ఇటలీకి వోతుంటే, వాళ్ళమ్మ పచ్చళ్ళు కట్టింది, నేను నా భయం కట్టిచ్చిన. "ఎవ్వరు కొట్టినా గడియ తియ్యకు, ఎవ్వరింట్ల తినకు" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టిచ్చుకున్న. అది గట్లనే చేసింది. కింద ఉండే ఇంటి ఓనరు ముసలామె, ఆదివారమొస్తే ఇంటిల్లిపాది మూడు గంటలు బల్ల కాడనే కూసొని తింటరట, "ఒక్కదానివే తింటవా, రా" అని ఎన్నిసార్లు పిలిచినా ఇది పోలే. రూముల ఒక్కతే, భాష రాదు, మాట్లాడే మనిషి లేదు. బిడ్డ ఎండిపోయింది.

చలికాలంల మూడు దినాలు ఫోన్ ఎత్తలే. నాలుగో దినం మధ్యాన్నం ఎత్తింది. "అమ్మమ్మా, జ్వరం... ఊపిరి ఆడ్తలేదు" అన్నది. దాని మాటెనుక ధన్ ధన్ ధన్ అని తలుపు! మొగ గొంతు ఒర్రుతుంది!

"ఎవరే అది?"

"తెల్వదు. పొద్దుగాల సంది కొడుతున్నరు. నువ్వే తియ్యొద్దన్నవు గదా."

ఫోన్ చెవికి అదిమి పట్టుకున్న, సహోదరులారా! "ప్రభువా, ఇది నేను పెట్టిన గడియ. నా చెయ్యి ఆడిదాంక అందదు. అవుతల ఎవరున్నరో నాకు తెల్వదు, నీకు తెలుసు. నా బిడ్డను నీ చేతుల పెడుతున్న" అని ఏడ్సుకుంట, "తియ్యి బిడ్డా" అన్న. పాకుకుంట పోయినట్టుంది, గడియ సప్పుడు ఇనవడ్డది, దభేల్మని పడ్డ సప్పుడు, తెల్వని భాషల లొల్లి, ఫోన్ కట్!

ఇగ కబురు లేదు. మోకాళ్ళ మీద పడి, నేనే బిడ్డను సంపుకున్ననా అని ప్రభువును అడిగిన. పొద్దుగూకంగ ఫోన్ల ఆ ఓనరు ముసలామె ముఖం కనవడ్డది, పక్కన ఆస్పత్రి మంచం మీద గ్రేసు, ముక్కుకు గొట్టం, కండ్లు తెరిచి ఉన్నది! బిడ్డ మూడు దినాల సంది కిందికి దిగలేదని తలుపు కొట్టింది ఆమె కొడుకేనట. ఇంకో దినమైతే దక్కకపోవునని డాక్టరన్నడట. దేవునికే మహిమ!

ఇప్పుడు గ్రేసు ఆ బల్ల కాడ కూసొని వాళ్ళ భాషలనే వాళ్ళతోటి కొట్లాడుతది, ఒక్కతే రైలెక్కి ఊర్లు తిరిగి పాత చర్చిలల్ల గోడలు బాగుచేస్తది. "ఇంకో రెండేండ్లు ఉంటనమ్మమ్మా" అంటే, "ఉండు" అని నా నోటితోటే అన్న. అబద్ధమెందుకు, భయం ఇప్పటికీ వస్తది, వచ్చినప్పుడల్ల మోకాళ్ళ మీద పడుత. మీరు గూడ నమ్ముండ్రి, మనం పోలేని కాడికి ఆయన...

"అమ్మా, అన్నం పెట్టిన, సల్లగైతుంది!"

వస్తున్ననే, ఆగు! మీ అమ్మకు ఒక్క నిమిషం ఓపిక లేదు. రూబీ, ఇది రాసుకో, ఆయన మన బిడ్డల్ని మనకంటె మంచిగ కాస్తడు. ఆమేన్.