కలరా ఉండల స్వెట్టరు

ఆ రోజుల్లో మా తిరువూరు వాళ్ళకి చలికాలమంటే ఫ్యాను ఒకటో నంబరు మీద పెట్టుకుని దుప్పటి కప్పుకునే కాలం, అంతే. ఎండ గురించి అడగండి, ఒక్కొక్కళ్ళం గంటసేపు చెప్పగలం. చలి గురించి ఎవరికీ పెద్దగా తెలియదు కాబట్టి తెలిసినట్టు మాట్లాడినవాడిదే రాజ్యం, అలా మాట్లాడినవాణ్ణి నేను. అందుకు నాకున్న అర్హతల్లా సెల్‌ఫోన్ల కొట్టు పెట్టకముందు ఓ స్నేహితుడి వెంట జనవరిలో ఢిల్లీ వెళ్ళి నాలుగు రోజులు ఉండి రావడం. (అందులో రెండు రోజులు లాడ్జి గదిలోంచి కాలు బయటపెట్టలేదు. ఈ ముక్క మా ఆవిడకి కూడా చాలా ఆలస్యంగా తెలిసింది.)

నాకు పెళ్ళయి ఇంకా ఆరు నెలలు నిండలేదు. అత్తవారిది వినగడప. మావగారు మాట తక్కువ మనిషి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా చేలోనే ఉంటారు. నీడన కూర్చుని ఫోన్లు అమ్మడం కూడా ఒక పనేనా అన్న అనుమానం ఆయనకి ఉన్నట్టు నాకు గట్టి అనుమానం. పైకి మాత్రం ఎప్పుడూ ఏమీ అనేవారు కాదు. "అల్లుడుగారూ, భోజనం చేశారా", "అల్లుడుగారూ, ప్రయాణం బాగా జరిగిందా", ఇంతవరకే. ఆయన నోట ఒక్క మెచ్చుకోలు మాట వినాలని నాకు మహా తాపత్రయంగా ఉండేది. ఆ పుష్యమాసంలో మేం వెళ్ళేసరికి ఇంట్లో అందరి మొహాలూ వేలాడుతున్నాయి. గుట్ట వైపు నుంచి అడవిపందులు తెల్లవారుజామునే దిగి మొక్కజొన్న చేలో పడుతున్నాయట. పాలు పోసుకుంటున్న కంకులు నమిలి, నమలనివి తొక్కి, అప్పటికే సగం చేను పాడుచేశాయి. మిగిలిన రెండెకరాలూ పోతే ఆ ఏడు పంట లేనట్టే. మర్నాడు తెల్లవారుజామున వేటకి మనుషుల్ని పిలిచామని మావగారు చెప్పారు. "మీరూ వస్తారా బావా? చలి మాత్రం గట్టిగా ఉంటది" అని నా బావమరిది ముసిముసిగా నవ్వుతూ అడిగాడు. ఢిల్లీ చలి చూసొచ్చినవాడికి ఇదో చలా అన్నాను. మావగారు తలెత్తి నా వంక చూశారు. ఆయన నన్ను అంత శ్రద్ధగా చూడడం అదే మొదలు. మా ఆవిడ మాత్రం నేలచూపులు చూసింది.

ఆ సాయంత్రం ఇంట్లో సమస్యల్లా నేనేం వేసుకోవాలన్నదే. నా దగ్గర ఢిల్లీలో కొన్న జాకెట్టు ఉంది, నైలాన్‌ది, నీలం రంగుది. అది తొడుక్కుని హాల్లో అటూ ఇటూ నడిచి చూపించాను. చెయ్యి కదిపితే సరసర, మెడ తిప్పితే బరబర. బావమరిది చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటూ నిలబడ్డాడు. మావగారు, "చాలా బాగుంది అల్లుడుగారూ, పెళ్ళిళ్ళకి బావుంటుంది" అన్నారు. జాకెట్టు విప్పేశాను. వేటకి వెళ్ళేవాళ్ళంతా గొంగళి కప్పుకుంటారు, ముదురు రంగు, చప్పుడుండదు, మంచు పడినా లోపలికి దిగదు, అదే ఇద్దామని బావమరిది అన్నాడు. అప్పుడు వంటింట్లోంచి అత్తగారు వచ్చేశారు. కొత్తల్లుడికి గొంగళి కప్పి చేలోకి తోలితే చూసినవాళ్ళు ఏమనుకుంటారని ఆవిడ బాధ. నా బాధ వేరు. గొంగళి గుచ్చుకుంటుంది, గొర్రె వాసన వేస్తుంది. ఇద్దరం ఒక్క మాట మీద నిలబడ్డాం.

అత్తగారు మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగించారు. మూత తీయగానే ఒక వాసన వచ్చి నా ముక్కు మీద తన్నింది. కలరా ఉండలు. ఎప్పుడో కాశీ వెళ్ళినప్పుడు కొని, మావగారు ఒంటిమీద వేసుకోనంటే, రాబోయే అల్లుడికని దాచిన ముదురాకుపచ్చ స్వెట్టరట. పురుగు పట్టకుండా ఏడాదికోసారి కొత్త ఉండలు వేస్తూ పదకొండేళ్ళు కాపాడారు. పెళ్ళిసంబంధాలు చూడకముందే నా కొలతలకి బట్ట సిద్ధంగా ఉందన్నమాట. దాని మీదకి ఓ శాలువా, నెత్తికి మంకీ క్యాపు, కాళ్ళకి ఊలు మేజోళ్ళు, అన్నీ ఆ పెట్టెలోవే. అన్నీ తొడుక్కుని నిలబడితే చూడ్డానికొచ్చిన ఇరుగుపొరుగు పిల్లలు కొందరు దూరంగా జరిగారు. కాస్త వాసన వస్తోందేమో అన్నాను. "బయట గాలికి పోతుంది బాబూ" అన్నారు అత్తగారు. ఆవిడ కళ్ళలో ఆ వెలుగు చూశాక మంకీ క్యాపు చెవుల మీదకి లాక్కున్నాను. మావగారు లేచి వెళ్ళి వీధి తలుపు బార్లా తీశారు.

తెల్లవారుజామున నాలుగింటికి చేను చేరాం. వేటకి పెద్ద ఒక ముసలాయన. నేల మీద అడుగుజాడ చూసి ఏ జంతువు ఎప్పుడు వెళ్ళిందో చెప్తాడని ఊళ్ళో అంతా ఆయన్ని జాడతాత అంటారు. పద్ధతి ఆయనే వివరించాడు. చేనుకి గుట్ట వైపు కంచె తెగిన చోట వల కడతారు. పందులు వేరే దారిన చేలో దిగాక, మనం చుట్టూ లేచి డప్పు కొడితే, అవి పారిపోవడానికి ఆ సందుకే వచ్చి వలలో పడతాయి. అందాకా గట్ల మీద కదలకుండా కూర్చోవాలి. (అడవిపందుల విషయంలో చట్టం ఏమంటుందో అప్పట్లో నాకు తెలియదు. తెలిసినవారు కంగారు పడకండి, ఆ రోజు ఒక్క పందికీ ఏ హానీ జరగలేదు, ఆ ఘనత ఎవరిదో ఇప్పుడే చెప్తాను.) ఇదంతా చెప్తూ జాడతాత గాలి పీల్చి, నా వైపు తిరిగి, మళ్ళీ పీల్చాడు. పిడికెడు మట్టి తీసి గాలిలో వదిలి, అది ఎటు పోతోందో చూశాడు. ఆ తర్వాత చేతులు కట్టుకుని, అల్లుడుబాబు తూర్పు గట్టు చివరికి దయచేస్తే బాగుంటుందన్నాడు. వెళ్ళాను. అక్కడ పావుగంట కూర్చున్నానో లేదో గాలి మళ్ళింది, జాడతాత వంగివంగి వచ్చాడు. ఉత్తరం గట్టున నాలాంటి మనిషి ఒకరు తప్పకుండా ఉండాలన్నాడు. అక్కణ్ణుంచి పడమర, పడమర నుంచి బోరు షెడ్డు వెనక్కి, అక్కణ్ణుంచి దక్షిణం, దక్షిణం నుంచి మళ్ళీ తూర్పు. ఆరుసార్లు మార్చారు నన్ను. మార్చినప్పుడల్లా నా ఛాతీ ఓ అంగుళం పెరిగింది. ఈ వేటలో నేనే కీలకం, ఎక్కడ అవసరమైతే అక్కడ నన్ను వాడుతున్నారు, ఇది మావగారు చూస్తూనే ఉంటారు అనుకున్నాను. చలి మాత్రం నాకు అస్సలు తెలియలేదు. మిగతావాళ్ళు గొంగళి లోపల ముడుచుకుని వణుకుతుంటే నేను హాయిగా చెమట పట్టి కూర్చున్నాను.

ఒక్కసారి, పొదల్లోంచి గుర్రుమన్న చప్పుడు వినిపించింది. ఊపిరి బిగబట్టాం. ఆ తర్వాత ఏమీ లేదు. తెల్లగా తెల్లారింది. డప్పు కొట్టేవాడు డప్పు పక్కన పెట్టుకుని బీడీ వెలిగించాడు. వలలో మంచు మాత్రం పడింది.

జాడతాత గట్టు వెంట తిరిగి నేల చూశాడు, వెనకే మావగారు, ఆ వెనక నేను. "పదకొండు వచ్చినయ్యి. ఇదుగో, ఇక్కడిదాకా వచ్చి, ఆగి, తల ఎత్తినయ్యి. ఇక్కడి నుంచి వెనక్కి" అంటూ చూపించాడు. ఇంకో చోటా అంతే, మూడో చోటా అంతే. ఆ చోట్లన్నీ నేను అప్పుడే లేచి వచ్చిన చోట్లని నాకు మూడోదాని దగ్గర వెలిగింది. ఎవరూ నా వైపు చూడ్డంలేదు. అందరూ ఎంతో మర్యాదగా గుట్ట వైపు చూస్తున్నారు. ముందే ఎందుకు చెప్పలేదు తాతా అని నీరసంగా అడిగాను. "కొత్తల్లుడికి ఎట్టా చెప్తాం బాబూ, కంపు కొడుతున్నారని" అన్నాడాయన.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. రెండెకరాల చేను, మావగారి ఏడాది కష్టం, నా ఒంటి మీద స్వెట్టరు వల్ల మర్నాటికి దక్కుతుందో లేదో. క్యాపు, శాలువా, స్వెట్టరు ఒక్కొక్కటే విప్పి గట్టు మీద కర్రకి తగిలించేసి బనీనుతో నిలబడ్డాను. అప్పుడు తెలిసింది వినగడప చలి అంటే ఏమిటో. పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. మావగారు దగ్గరికి వచ్చారు.

"ఢిల్లీలో ఇంకా ఎక్కువ ఉంటుందా?" అని అడిగారు.

"నాకు తెలీదు మావయ్యగారూ. రెండు రోజులు గదిలోంచే రాలేదు" అన్నాను.

ఆయన నవ్వారు. ఆ మనిషి అలా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. తన గొంగళి తీసి నా చుట్టూ కప్పి, "పద అల్లుడూ, కాఫీ తాగుదాం" అన్నారు. గొంగళి గుచ్చుకుంది, గొర్రె వాసన వేసింది, ప్రాణం లేచొచ్చింది.

ఆ కంగారులో స్వెట్టరు కర్రకే మర్చిపోయాం. మర్నాడు పందులు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు మావగారు తిరువూరొచ్చి, నా కొట్టుకి కూడా రాకుండా, బజార్లో దొరికిన కలరా ఉండలన్నీ కొనుక్కుపోయి గుడ్డముక్కల్లో మూటలు కట్టి చేను చుట్టూ వేలాడదీశారు. ఆ రెండెకరాలూ దక్కాయి. ఆ తర్వాత నుంచి ఆ ఇంట్లో నాకు ఎవరూ మర్యాద చేయలేదు. చొక్కా బాగోలేకపోతే బాగోలేదన్నారు, ఫోను ఖరీదు ఎక్కువ చెప్తే ఎక్కువన్నారు. పంట వేసినప్పుడల్లా మావగారు ఫోన్ చేసి, "స్వెట్టరు పెట్టాను, నువ్వు రానక్కర్లేదులే" అంటారు. ఆయన నోట నేను విన్న మెచ్చుకోలు అదే.

ఇప్పటికీ ఇంట్లో బీరువా తెరిస్తే ఆ వాసన వస్తుంది, దాంతో పాటు ఆ కుర్రాడూ కనిపిస్తాడు. మంకీ క్యాపు చెవుల దాకా లాక్కుని, ఆరోసారి మారిన గట్టు మీద, ఈ చేనంతా తానే కాపాడుతున్నట్టు కూర్చుని ఉంటాడు. వెళ్ళి భుజం తట్టి అసలు సంగతి చెప్దామనిపిస్తుంది. కానీ చెప్పను. ఇంకాసేపు అలా కూర్చోనీ. పాపం, వెచ్చగా ఉన్నాడు.