ఒక్క పాట పూర్తిగా

కొత్తవాడ సరోజనకు కోపం ఎక్కువని వాడకట్టంతా అంటారు. ఎక్కువే. ఆమె చోట ఎవరున్నా అంతే.

పొద్దంతా ఇంట్లో జంపఖానాల మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతుంది. దీపాలు పెట్టే వేళకు కోలలు పట్టుకుని వీధిలోకి వస్తుంది. మేనత్త దగ్గర నేర్చుకున్న కోలాటాన్ని వాడకట్టు ఆడవాళ్లందరికీ నేర్పి ఒక జట్టు కట్టింది. ఏ పెద్దమనిషి వరంగల్‌కు వచ్చినా ఆ జట్టుకు పిలుపు వస్తుంది. పిలిచి ఏం చేస్తారు? రోడ్డు పక్కన ఎండలో నిలబెడతారు. పల్లవి ఎత్తుకునేలోపే కారు అద్దమైనా దించకుండా దూసుకుపోతుంది. "అయిపోయింది, ఇక జరగండమ్మా" అని చేతిలో అరటిపండు పెడతారు. గుమ్మానికి కట్టే మామిడాకులకూ వీళ్లకూ తేడా లేదన్నమాట. కడుపు మండదా మరి!

అందుకే, హన్మకొండలో నాట్య ఉత్సవం ఉందంటూ కిషన్ రావు ఇంటికొచ్చినప్పుడు ఆమె చేతిలో కండె కూడా దించలేదు. ఇలాంటి సభలన్నీ నడిపించేది ఆయనే.

"రోడ్డు మీద నిలబడనీకి రాము సారూ. స్టేజీ మీద ఒక్క పాట పూర్తిగ ఆడనిస్తనంటెనే వస్తం. నడుమ ఆపద్దు."

"అయ్యో, గదేం మాటక్కా! పూర్తిగనే ఆడుండ్రి. నాది జిమ్మేదారి."

నమ్మింది. పెట్టెలోంచి పచ్చ చీరలు తీయించి, జట్టునంతా ఆటోల్లో ఎక్కించింది.

మధ్యాహ్నం నుంచీ తెర వెనకే కూర్చోబెట్టారు. ముందు ఉపన్యాసాలు. ముఖ్య అతిథి మైకు వదలడే! మనిషి మాట నేర్వకముందే ఆడాడట, నాట్యం లేని జాతే లేదట. సరోజనకు ఆ మాట బాగా నచ్చింది. నచ్చినందుకే ఇంకా మండింది.

"ఆటనే ముందు పుట్టిందంటాండు గద. మరి ముందుగాల ఆటను పెట్టద్దా? నోరు ఎండుకపోతాంది నాకు," అంది పక్కనున్న తన ఆట జోడీ వాసంతితో.

చీకటి పడబోతుండగా పిలుపొచ్చింది. గుండ్రంగా నిలబడ్డారో లేదో, కిషన్ రావు పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, గుండ్రంగ వద్దు! అందరు సార్ల దిక్కు మొఖం పెట్టి వరుసగ నిలబడుండ్రి. ఫోటోలల్ల వీపులు పడ్తానయ్."

"నా కోల వాసంతి కోలకు తాకాలె సారూ. సార్ల మొఖాలు చూసుకుంట ఎవలి కోలలు వాళ్లే కొట్టుకోవాల్నా? గదేం ఆట?"

జట్టంతా కిసుక్కున నవ్వింది. సరోజన నవ్వలేదు. పాట ఎత్తుకుంది.

మొదట నెమ్మదిగా, వంగి లేస్తూ. తర్వాత చేతులు మారాయి, అడుగు ఊపందుకుంది. ఒకరి కోల ఇంకొకరి కోలను వెతుక్కుంటూ వెళ్లి తాకుతోంది. వెనక వరుసల్లో ఆడవాళ్లు చప్పట్లతో తాళం అందుకున్నారు. సరోజన ఇన్నాళ్లూ అడిగింది ఇదే.

రెండో చరణంలో అతిథి లేచి నిలబడ్డాడు. కిషన్ రావు మైకు ఆపించి, శాలువా చేత్తో పట్టుకుని స్టేజీ ఎక్కాడు.

"ఆపుండ్రి, ఆపుండ్రి! సారు పోతాండ్లు, సన్మానం చేయాలె!"

సరోజన గొంతు పెంచింది. మైకు లేకపోయినా హాలు చివరిదాకా వినబడింది. జట్టు ఆగలేదు. కిషన్ రావుకు ఒళ్లు మండి, ఆపేద్దామని తిరుగుతున్న కోలల మధ్యలోకి చెయ్యి పెట్టాడు.

వాసంతి కోల వచ్చి ఆయన వేళ్ల మీద టప్పున పడింది.

"అమ్మో!" అని ఆయన గెంతాడు. హాలంతా గొల్లున నవ్వింది. అతిథి శాలువా లేకుండానే వెళ్లిపోయాడు. జనం మాత్రం కదల్లేదు. పాట మూడో చరణం దాటింది, నాలుగోదీ దాటింది, చివరి దెబ్బకు కోలలన్నీ ఒక్కసారే మోగాయి.

తెర వెనక కిషన్ రావు వేళ్లు ఊదుకుంటూ ఎగిరిపడ్డాడు. "ఇగ మిమ్ముల ఎవ్వలు పిలువరు, యాదుంచుకో!"

సరోజన కోలలన్నీ సంచిలో సర్దుతోంది.

"పిలువకుండ్రి. ఇన్నేండ్ల సంది మీరు పిలిస్తె ఉరికొచ్చినం. ఒక్క పాట సుత పూర్తిగ ఒడవనియ్యలేదు. ఇయ్యాల ఒడిసింది."

ఆ మాట అని కొంగుతో మొహం మీది చెమట తుడుచుకుంది. ఏడుపు అనుకుని వాసంతి భుజం మీద చెయ్యి వేసింది. సరోజన ఆ చెయ్యి విదిలించి, సంచి భుజాన వేసుకుని ఆటోవైపు నడిచింది.