బోల్టుకు రాసిన కొవ్వు

నికనోర్ కల్యిసాయా బండి కింద దూరాడంటే కాలాపంపలో ఎవరూ పలకరించరు. పలకరించినా పలకడు కనుక. గొర్రెతోలు పరుచుకుని, ఇంజన్ వేడి ఆరకముందే వెల్లకిలా పడుకుని లోపలికి జరుగుతాడు. వేడిమీదైతేనే ఆయిలు పల్చగా ఉండి మడ్డితో సహా దిగుతుందని అతని పట్టుదల. ఇంజన్ అడుగున ఆయిలుండే చాంబర్ బోల్టును స్పానర్‌తో కాస్త కదిలించి, మిగతా మరలన్నీ వేళ్ళతోనే తిప్పుతాడు. తిప్పినంతసేపూ బోల్టును లోపలికి నొక్కే పట్టుకుంటాడు. చివరి మర వదిలిందని వేలికి తెలియగానే చటుక్కున చెయ్యి లాగేస్తాడు. నల్లటి ఆయిలు కోసిన డబ్బాలోకి దిగుతుంది, చేతిమీద చుక్క పడదు. ఆ పాత ఆయిలు కూడా పారబొయ్యడు. గొర్రెల దొడ్డి గుంజలు వానకి పుచ్చిపోకుండా వాటికి పూస్తాడు.

సైన్యంలో లారీల దగ్గర నేర్చుకున్న పని అది. తిరిగొచ్చాక తల్లి పోయింది, చెల్లెలు బాసీలియాను తనే పెంచాడు. పెళ్ళి చేసుకుంటే పెళ్ళాం పురిట్లోనే పోయింది. ఆ తర్వాత మనిషికి మిగిలింది పాత జపాను వ్యాను ఒక్కటే. ఊరికీ, పట్నం పక్కన ఎల్ అల్తో సంతకూ మధ్య తిరిగే బండి అదొక్కటే. ఆలుగడ్డల బస్తా వెయ్యాలన్నా, పురిటి మనిషిని దించాలన్నా నికనోర్ గుమ్మం తొక్కాల్సిందే. ముంగి మనిషే, కాదన్లేం. కానీ వాడి నోట లేదన్న మాట విన్నవాళ్ళు లేరు.

ఇక ఆ బోల్టు సంగతి. ఓసారి జ్వరంతో మంచాన పడి, ఆయిలు మార్పించుకు రమ్మని బండిని వేరేవాళ్ళ చేతికిచ్చాడు. పట్నంలో ఏ షెడ్డు మహానుభావుడో స్పానర్‌కి గొట్టం తగిలించి, ఎద్దుబలమంతా చూపించి బిగించాడు. మర కొరుక్కుపోయింది. బిగించడమంటే బలం అనుకునే మూర్ఖులు లోకంలో ఉన్నన్నాళ్ళూ బళ్ళ బతుకులింతే. అప్పట్నించీ కారడమే. పొద్దున బండి తీస్తే అది నిలబెట్టిన చోట నల్లటి మరక. రాగి వాషర్‌ను బొగ్గుల మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి మెత్తబరిచి వేశాడు. బూటు తోలు గుండ్రంగా కోసి వేశాడు. మరకు నూలు చుట్టాడు. అన్నీ నాలుగు రోజుల ముచ్చటే. ఆ రకం చాంబర్ కోసం సంతంతా గాలిస్తే, దొరికినవి దీనికంటే అన్యాయంగా ఉన్నాయి. సంత దారిలో ఆ మైదానం మధ్యలో ఆయిలు పూర్తిగా దిగిపోయి ఇంజన్ పట్టేసిందంటే, గాలికీ చలికీ బండెడు జనం ఏమైపోతారోనని అతని గుండె పీకుతూ ఉండేది.

సంతలో పాత ఇనుము అమ్ముకునే ముసలాయన ఒకడు ఈ గోలంతా విని, మేకుల కుప్ప కిందనుంచి ఓ రేకు డబ్బా తీసిచ్చాడు. లోపల కొవ్వు. నూలుకు ఇది పట్టించి చుట్టమన్నాడు. నికనోర్ అలాగే చుట్టి, చేతికి ఆనినంతే బిగించాడు. కారడం ఆగిపోయింది. తగ్గడం కాదు, పూర్తిగా ఆగిపోయింది. మర్నాడు పొద్దున బండి కింద మట్టి తడుముకుని, "పీడ వదిలిందిరా దేవుడా!" అని పైకే అన్నాడు.

ఒక్కటే అతనికి అర్థం కాలేదు. బాల్చీలో నీళ్ళు రాయిలా గడ్డకట్టిన ఆ పొద్దున కూడా డబ్బాలో కొవ్వు గడ్డకట్టలేదు. వేలు పెడితే గోరువెచ్చగా తగిలింది.

ఆ వారమే బాసీలియా మంచాన పడింది.

సంత నుంచి వస్తూ అన్న బండిలో ఎప్పట్లాగే నిద్రపోయింది. లేపితే లేచింది కానీ, దిగడానికి కాళ్ళలో సత్తువ లేదు. తిండి మానేసింది. ఒళ్ళు పసుపెక్కింది. కుడిపక్కన డొక్కలో చిన్న ఎర్రటి మచ్చ కనబడింది. ఆరోగ్య కేంద్రం వాళ్ళు మాత్రలిచ్చి, పట్నం తీసుకెళ్ళమన్నారు. ఆ మచ్చ చూశాక పట్నం మాట ఎవరూ ఎత్తలేదు.

ప్రయాణంలో నిద్రపోయిన మనిషి పక్కలోంచి కొవ్వు తీసుకుపోయేవాణ్ణి మా వైపు ఖరిసిరి అంటారు. నొప్పి తెలియదు, నెత్తురు రాదు, మచ్చ మాత్రం మిగులుతుంది. వెల్లుల్లి నమిలేవాళ్ళ జోలికి వాడు రాడంటారు. ఆ కొవ్వు యంత్రాలకు రాస్తారని పూర్వం నుంచీ చెప్పుకుంటారు. మనిషి దక్కాలంటే రెండు షరతులు. తీసుకున్నవాడి చేత్తోనే అది తిరిగి రావాలి. రోగికి మాత్రం తనకేం జరిగిందో తెలియకూడదు. లేచి తిరుగుతున్న మనిషైనా సరే, తెలిసిందా, ఇక అంతే. అందుకని ఊరు ఊరంతా నోరు కుట్టేసుకుంటుంది.

ఆ మచ్చ సంగతి నికనోర్‌కు ఎవరూ చెప్పలేదు. చెల్లెల్ని చూడ్డానికి వెళ్తే గుమ్మంలోనే ఆమె మొగుడు ఫౌస్తీనో అడ్డం నిలబడి, "పడుకుంది, తర్వాత రా బావా" అన్నాడు. మళ్ళీ వెళ్తే తలుపే తీయలేదు.

తర్వాతి సంత రోజు పొద్దున బండి బయల్దేరాక అతనికి ముందు తెలిసింది వాసన. వెల్లుల్లి. బండంతా అదే కంపు. ప్రతి ఒక్కరూ దవడన పెట్టుకుని నములుతున్నారు. వెనకాల జనం ఒకరిమీదొకరు నిలబడి ఊగుతున్నారు కానీ, డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉంది. తెల్లారకుండా లేచి బండెక్కే జనం, ఊరు దాటకముందే తలలు వాల్చే జనం, ఆ రోజు ఒక్కరూ కన్ను మూయలేదు. అద్దంలోకి చూస్తే అందరి చూపూ తనమీదే.

"ఏంటర్రా, ఇవాళ ఎవరికీ కునుకు రావట్లేదా?" అని నవ్వబోయాడు.

 మూలికలమ్మే సెబేరినా అవ్వ, "రాత్రంతా పడుకునే వచ్చాం నాయనా. చాల్లే" అంది.

"కోకా ఆకు తీసుకో అవ్వా" అని సంచి వెనక్కి చాపాడు. మా దగ్గర నమలడానికి కోకా ఆకు చాపితే పగవాడైనా తీసుకుంటాడు. అవ్వ చెయ్యి కదల్లేదు. చాపిన సంచి అలాగే గాల్లో ఉండిపోయింది.

తనని ఖరిసిరి అనుకుంటున్నారని అప్పటికి అర్థమైంది నికనోర్‌కు. ముందుగా భయం వేయలేదు, సిగ్గేసింది. ఇన్నేళ్ళు వీళ్ళ బరువులు మోసింది ఇందుకా అని కడుపు మండింది. భయం తర్వాత వచ్చింది, ఆ కొవ్వు గుర్తుకొచ్చాక. సంతలో బండి ఆపీ ఆపగానే పాత ఇనుము ముసలాయన దగ్గరికి ఉరికాడు. ఆయన అక్కడే ఉన్నాడు, మేకులు ఏరుకుంటూ.

"తాతా, ఏం కొవ్వది?"

"కారడం ఆగిందా?"

"ఆగింది."

"మరింకేం?"

"గొర్రెదా? లామాదా? పందిదా? ఏదో ఒకటి చెప్పు తాతా, నీ కాళ్ళు పట్టుకుంటా."

ముసలాయన తలెత్తి ఎంతో ఓపిగ్గా చూశాడు. "పని చేసేదాన్ని పట్టుకుని ఏంటి ఏంటి అంటావేంటయ్యా? మూత గట్టిగా పెట్టుకో. గాలి తగలనివ్వకు" అని మళ్ళీ మేకుల్లో పడ్డాడు.

తిరుగుదార్లో ఆ డబ్బాను విసిరేద్దామని అతనికి చాలాసార్లు అనిపించింది. వెనకాల అన్ని కళ్ళు పెట్టుకుని ఎక్కడ విసురుతాడు? ఇంటికే తెచ్చుకున్నాడు.

ఆ మరుసటి మధ్యాహ్నం బండి కింద దూరి బోల్టు తడుముతున్నాడు. పొడిగా ఉంది. ఊడదీసి ఆ నూలు పీకి పారేద్దామని స్పానర్ ఆనించాడు. బయట ఎండ కాస్త మసకబారినట్టయింది. తల తిప్పి చూశాడు. బండి చుట్టూ పాదాలు. టైరు చెప్పులు, దుమ్ము కొట్టుకున్న వేళ్ళు, ఆడవాళ్ళ లంగా అంచులు. నాలుగు వైపులా అవే. అంతమంది వస్తుంటే అడుగుల చప్పుడే వినబడలేదు. ఒకరి కాలిపక్కన తాడు చుట్ట వేలాడుతోంది. ఇంకొకరు పెట్రోలు డబ్బా నేలమీద పెట్టారు.

"నికనోర్, బయటికి రా" అంది పైనుంచి గొంతు. ఊరిపెద్ద ఎవారిస్తోది.

పాకుతూ బయటికొచ్చాడు. చక్రం పక్కన అతను పెట్టిన రేకు డబ్బా మూత ఎవరో తీశారు. అందరూ దాన్నే చూస్తున్నారు.

"ఏంటది?" అన్నాడు ఎవారిస్తో.

"కొవ్వు, పెద్దాయనా. బోల్టుకి రాశాను. కారుతోందని."

"ఎవరిది?"

దేనిదని అడుగుతాడనుకున్నాడు నికనోర్.  "సంతలో కొన్నాను. ఒట్టు. కావాలంటే బోల్టు చూడండి, నూలు చుట్టి..."

"ఈ చలికి నా ఇంట్లో పందికొవ్వు రాయైపోయింది" అని సెబేరినా అవ్వ వంగి డబ్బా మీద అరచెయ్యి పెట్టి, వెంటనే వెనక్కి లాక్కుంది. "ఇది చూడండి. ఒంట్లో ఉన్నట్టే ఉంది."

ఆ మాటతో గుంపు ఒక్క అడుగు ముందుకేసింది. పెట్రోలు డబ్బా మూత తిప్పుతున్న చప్పుడు. అంతలో ఫౌస్తీనో అందర్నీ తోసుకుని వచ్చి, నికనోర్ ముందు మోకాళ్ళ మీద కూలబడి బావురుమన్నాడు.

"బావా, నీకు దణ్ణం పెడతా! ఎందుకు చేశావో అడగను. ఊళ్ళోవాళ్ళనీ అడగనివ్వను. దానిది దానికిచ్చెయ్ బావా. రెండ్రోజుల్నించీ నీళ్ళు కూడా దిగట్లేదు. నీ చేత్తో ఇస్తేనే మనిషి నిలుస్తుందంట."

నికనోర్ డబ్బా వైపు చూశాడు. ఇవ్వనంటే వీళ్ళు తననేదో చేస్తారు, అది సరే. కానీ అక్కడ మంచం మీద బాసీలియాకు ఇక ఎవరూ గంజి కూడా పట్టరు. ఆశ వదిలేసిన ఇంట్లో మనిషి బతకదు. ఇస్తే తను దొంగని తనే ఒప్పుకున్నట్టు. ఈ జన్మకు ఆ పేరు చెరగదు. పైగా అదేం కొవ్వో తనకే తెలియదు. దాన్ని చెల్లెలి ఒంటికి ఎలా ఇవ్వడం? ఒక్క క్షణం, నిజంగానే తనకు తెలియకుండా తనే తీశాడేమోనని కూడా అనిపించింది. 

వంగి డబ్బా తీశాడు. రెండు చేతులతో ఫౌస్తీనోకు అందించాడు.

"నోట్లో పెట్టొద్దు" అన్నాడు. "పొట్టమీద రాయండి. గుడ్డ కట్టి, వెచ్చగా ఉంచండి. గంజి కూడా పట్టండి."

పాపం, చెల్లెలి మేలు కోరే అన్నాడు. కానీ అంత వివరంగా చెప్పాక ఎవరికింకా అనుమానం ఉంటుంది? తాడు పట్టుకున్నవాడు నేలమీద ఉమ్మేశాడు.

"అమ్మాయి లేచిందా, నువ్వు బతికావు" అన్నాడు ఎవారిస్తో. "ఊళ్ళో వేరే బండి లేదు కాబట్టి నడుపుకో. మళ్ళీ నీ బండిలో ఎవరైనా నిద్రపోయి మంచాన పడ్డారా, ఈసారి అడగడానికి రాం."

బాసీలియా లేచింది. వారం తిరక్కుండా లేచి కూర్చుని ఎండు ఆలుగడ్డల చున్యో పులుసు అడిగింది. మచ్చ మాయమైంది. కొవ్వా, మాత్రలా, నన్నడిగితే నేనేం చెప్పను? బోల్టుకు మళ్ళీ పొడినూలు చుట్టి, కారినంత ఆయిలు పోసుకుంటూ నికనోర్ బండి నడుపుకున్నాడు.

తర్వాతి సంతకు ఆమె కూడా బయల్దేరింది. చక్కా వచ్చి, ఎవరూ కూర్చోని ఆ డ్రైవరు వెనక సీట్లో దర్జాగా కూర్చుంది.

"ఏం అన్నయ్యవయ్యా నువ్వు! చావబోతుంటే ఒక్కసారి తొంగిచూసిన పాపాన పోలేదు."

"పని ఉండె బాసీ."

"ఏం పని? ఆ బోల్టు పనేగా! దాన్నే పెళ్ళి చేసుకో పోయి" అని పకపకా నవ్వింది. బండిలో ఇంకెవరూ నవ్వలేదు.

తిరుగుదార్లో ఎండ చురుక్కుమంటోంది. బాసీలియా ఆవలించింది. నికనోర్ అద్దంలో అది చూశాడు.

"పడుకోకు బాసీ. ఏదైనా కబురు చెప్పు."

"నీ బండిలో కాకపోతే ఇంకెక్కడ పడుకుంటాను?" అని కళ్ళు మూసేసుకుంది.

హారన్ కొట్టాడు. గతుకుల్లోకి పోనిచ్చాడు. గట్టిగా పిలిచాడు. ఒంట్లో ఇంకా నీరసమేమో, ఆమెకు తెలివి రాలేదు. తల పక్కకు వాలిపోయింది. అద్దంలో అందరూ ఆమెనీ, తననీ మార్చి మార్చి చూస్తున్నారు.

"లేపు" అన్నాడు వెనకాల నిలబడ్డ ఎవారిస్తో, నెమ్మదిగా.

బండి ఆపి, దిగి, తలుపు లాగి లోపలికి దూకినంత పని చేశాడు నికనోర్. "లే బాసీ! లేవే! నీకు పుణ్యముంటుంది, లే!" అని భుజాలు పట్టి కుదిపాడు. తల ఇంకా వేలాడుతుంటే నడుం కింద చెయ్యేసి, పక్కలు పట్టి పైకెత్తాడు.

ఆమె కళ్ళు తెరిచింది. కెవ్వుమనబోయి ఆగింది. చెమటలు కారుతున్న అన్న మొహం చూసింది. అతని వెనక, కదలకుండా, మాట్లాడకుండా తననే చూస్తున్న ఊరి జనాన్ని చూసింది. వాళ్ళ దవడలు వెల్లుల్లి నములుతూ ఉన్నాయి. తర్వాత మెల్లగా తల దించి, తన కుడిపక్కన డొక్కమీద ఆనించి ఉన్న అన్న చేతిని చూసింది.

 ఊరంతా నోరు కుట్టుకుని దాచింది, ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది.

"ఏం లేదమ్మా" అన్నాడు నికనోర్, చెయ్యి తీసేసి.  "ఊరికే లేపాను. ఏం లేదు."

"ఏం లేదులే అన్నా" అంది బాసీలియా. శాలువా లాక్కుని ఆ పక్కంతా గట్టిగా చుట్టుకుంది. కాస్త జరిగి కిటికీకి ఆనుకుని, నిటారుగా కూర్చుంది.

నికనోర్ వెళ్ళి బండి తీశాడు. ఇల్లు చేరేదాకా ఆమె మళ్ళీ కన్ను మూయలేదు.