సీటు ఆపిన తువ్వాల

పదో తరగతి కలిసి చదివిన వాళ్లమంతా ఏళ్ల తర్వాత భద్రాచలంలో కలుసుకునే రోజది. నా సంబరం అంతా ఇంతా కాదు. అయితే నా స్నేహితురాలు సుజాత ఫొటోను స్టిక్కర్ చేసి, మా వాట్సాప్ గ్రూపులో పొద్దుటినుంచి ఒకటే వెక్కిరింతలు. "నేను రానే," అని సుజాత నాకు మెసేజ్ పెట్టింది.

ఇల్లందులో బస్సు రాగానే జనం ఎగబడ్డారు. కిటికీలోంచి ఎర్ర తువ్వాల వేసి సీటు ఆపిన ఒక పెద్దావిడ, వెనకబడ్డ నన్ను కేకేసి పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీవాళ్ల కోసం ఆపిన్రా, పెద్దమ్మా?"

"ఎవరూ లేరు బిడ్డా. తోపులాటల ఎనకబడ్డోళ్ల కోసం ఎప్పుడూ ఒకటి ఆపుత."

నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. అక్కడినుంచే సుజాతకు ఫోన్ చేశాను. "జల్దీ బయల్దేరవే! నా పక్క కుర్చీల కర్చీఫ్ ఏసి ఆపుత. ఎవరు నవ్వుతరో నేను చూస్త!"

పెద్దావిడ తన తువ్వాల తీసి నా ఒళ్లో పెట్టింది. "ఇదెయ్యి. దూరం నుంచే కనపడుద్ది."

ఆ తువ్వాల ఇప్పుడు సుజాత ఇంట్లో ఉంది.