నలభై అడుగుల బండ

నిన్న బ్యాంకులో నా వంతు కోసం కూర్చుని ఉండగా, నేల తుడిచే ఆవిడ బకెట్‌లో ఏదో సీసా వంచింది. ముక్కులోంచి కళ్ళ దాకా ఒక మంట పాకింది. అమ్మోనియా. పక్కవాళ్ళు కొంగులూ పాసుపుస్తకాలూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం ఇంకోసారి గట్టిగా పీల్చాను. ఎందుకు పీల్చానంటే చెప్పలేను. ఆ వాసన నాకు ఎప్పుడూ నచ్చలేదు. కాని కేజీఎఫ్‌లో, అంటే కోలారు బంగారు గనుల్లో, సర్వే ఆఫీసులో పటాలు ప్రింటు తీసే గది వాసన అదే. ఆ వాసన తగలగానే మునెప్ప గారు నా వెనక నిలబడి, భుజం మీదుగా నా గీతను చూస్తున్నట్టు అనిపించింది. ఈలోగా నా టోకెను పిలిచారట, నేను వినలేదు. మళ్ళీ వరుస చివరికి వెళ్ళి కూర్చున్నాను.

ఆయన గురించి రాసే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆయన కింద పనిచేసిన రోజుల్లో, నవల రాసే మైకంలో ఉండి, భూమి అడుగున లేని దారిని ఒకదాన్ని పటం మీద గీశాను. ఆపద వస్తే మనుషులు పరుగెత్తి బయటపడవలసిన దారి అది. మునెప్ప గారు నన్ను తీర్చిదిద్దారని నలుగురిలో చెబుతూ ఉంటాను. దిద్దిన మాట నిజం. తీరిందో లేదో నాకింకా తెలియదు.

గనులు ప్రభుత్వం చేతికి వచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. దొరలు వెళ్ళిపోయారు. పటాల మీద వాళ్ళ చేతిరాత మిగిలింది. ఆ పటాల మీద పల్చటి గుడ్డ పరిచి, కింద కనిపించే గీతలను నల్ల సిరాతో పైన దించడం నా ఉద్యోగం. దాన్ని ట్రేసింగు అంటారు. చరిత్రలో బి.ఏ. చేసిన అమ్మాయికి ఈ పని ఎలా ఇచ్చారని అడక్కండి. నా చేతిరాత బాగుందన్నారు. ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం. పని నచ్చితే ఖాయం చేస్తామన్నారు, ఎవరికి నచ్చాలో చెప్పలేదు.

నాకు పుస్తకాల పిచ్చి. కేజీఎఫ్‌లో తెలుగు పుస్తకాల పిచ్చి ఉండడమంటే ఎడారిలో ఈత పిచ్చి ఉండడం లాంటిది. క్లబ్బు లైబ్రరీలో తెలుగువి పద్నాలుగు పుస్తకాలు ఉండేవి. వాటిలో ఒకటి కోళ్ళ పెంపకం. దాన్ని కూడా రెండుసార్లు చదివాను, రెండోసారి ముగింపు అంతగా నచ్చలేదు. మా అమ్మ అడిగేది: "చదివితివి, ఉద్యోగం వచ్చె. ఇంగ యాల చదివేది?" పదిహేనో పుస్తకం లేదు కనుక నేనే రాయడానికి కూర్చున్నాను. కథానాయకుడు రాఘవ, గని కార్మికుడు. గని కూలుతుంది, రాఘవ చిక్కుకుంటాడు, చివరికి బయటపడతాడు. ఒకే చిక్కు, నేను గనిలోకి దిగలేదు. చట్టం ఆడవాళ్ళను కిందికి దిగనివ్వదు. ఆ విధంగా చట్టం నన్ను ప్రమాదాల నుంచి కాపాడింది. నవలను కాపాడేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

మునెప్ప గారు మా సెక్షనుకు పెద్ద. క్యాసంబళ్ళి మనిషి, ఊళ్ళో కొంచెం రాగి చేను, రెండు ఆవులు. ఒకప్పుడు కింద కొలతల బృందంలో గొలుసు పట్టి తిరిగినవారు. ఒకసారి బండ జారి కుడి మోకాలు నలిగితే పైకి తెచ్చి డ్రాయింగు బల్ల ముందు కూర్చోబెట్టారు. ఎనిమిదేళ్ళుగా మళ్ళీ కిందికి దిగలేదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదువుకున్నది కన్నడం. తెలుగు అక్షరాలు ఆయనకు సగం మాత్రమే చుట్టాలు. అందుకని మధ్యాహ్నం ఆయన రాగిముద్ద తినేటప్పుడు నేను నవల చదివి వినిపించేదాన్ని. వద్దనలేదు కనుక ఆయనకు ఇష్టమే అనుకున్నాను. నోటినిండా ముద్ద ఉన్న మనిషి వద్దనడం కష్టమని అప్పుడు తోచలేదు.

"సార్, కింద చీకటి ఎట్లుంటుంది?" అని అడిగాను ఒకరోజు, పెన్సిలు పట్టుకుని.

"యెట్లుంటాదమ్మా, కనపడదు."

"అది కాదు సార్. మనసుకు ఎట్లుంటుంది?"

"సెకగా ఉంటాది. చెమట. బొద్దింకలు. క్యారియరు మూత సరిగ్గా పెట్టకుంటే అవే ముందు తింటాయి."

నేను రాసుకోలేదు. బొద్దింకలున్న నవలను ఎవరు చదువుతారు? ఆ సాయంత్రం చీకటిని కాటుకతో, కాలనాగుతో, విధవరాలి నుదుటితో పోల్చి ఒక పేజీ నింపాను. మరునాడు చదివి వినిపిస్తే, మునెప్ప గారు అంతా విని, "అంతా సరే సరోజమ్మా, వాని తలమింద దీపం యేమాయె?" అన్నారు. రాఘవకు దీపం ఇవ్వడం మరిచిపోయాను. కూలిన బండల కింద మూడు అధ్యాయాలుగా ఉన్నాడు, పాపం.

మా ఆఫీసులో ట్రేసింగు పూర్తయ్యాక దాన్ని పిలవాలి. అంటే, ఒకరు అసలు పటం ముందు కూర్చుని ఒక్కొక్క గీతనూ పేరుపెట్టి చదవాలి. ఇంకొకరు ట్రేసింగు మీద వేలు పెట్టి ఉన్నదీ లేనిదీ చెప్పాలి. మునెప్ప గారు పిలిచేవారు, నేను పలికేదాన్ని. "తూరుపు సొరంగం." "ఉండాది." "చెక్క నిచ్చెన." "ఉండాది." నేను కాలేజీ తెలుగులో "ఉంది" అంటే ఆయనకు నమ్మకం కుదిరేది కాదు, "ఉండాది" అంటేనే ముందుకు కదిలేవారు. దొరల కాలం నుంచీ అదే పద్ధతి. ఒక్క గీత తప్పినా దొరికిపోతుందని అందరి ధీమా.

ఒకరోజు నా బల్ల మీదికి ఒక లెవెలు పటం వచ్చింది. గనిలో ఒక్కొక్క అంతస్తును లెవెలు అంటారు. ఆపదలో ఎటు పరుగెత్తాలో చూపించే పటం, ప్రింటు తీసి కింద ఆ లెవెల్లోనే గోడకు అంటిస్తారు. అందులో తూర్పు నుంచి ఒక సొరంగం, పడమటి నుంచి ఒక సొరంగం ఎదురెదురుగా వచ్చి మధ్యలో ఆగిపోయాయి. నడుమ నలభై అడుగుల బండ తవ్వకుండా వదిలేశారు. సరిగ్గా ఆ ఉదయమే నేను రాఘవను తూర్పు సొరంగంలో పాకిస్తున్నాను. వాడికి వెనక దారి మూసుకుపోయింది. ముందు గాలి తగులుతోందని రాశాను. చేతిలో కలం ఉంది, మనసు వాడితో ఉంది. రెండు సొరంగాలనూ కలిపేశాను. గీత చాలా నున్నగా వచ్చింది. నా జన్మలో అంత మంచి గీత గీయలేదు.

తరువాత పద్ధతి ప్రకారం పిలిచాం. ఆయన అసలు పటంలో ఉన్నవన్నీ పిలిచారు. నేను అన్నిటికీ "ఉండాది" అన్నాను. అన్నీ ఉన్నాయి. మరి అసలులో లేనిదాన్ని ఎవరు పిలుస్తారు? ఆయన సంతకం పెట్టారు, ప్రింటు కిందికి వెళ్ళింది.

మూడో రోజు పొద్దున ఇంకేదో పని మీద అదే అసలు పటం తీశాను. నలభై అడుగుల బండ ఎక్కడిదక్కడే ఉంది. మొదట, దాన్ని ఎవరో కొత్తగా పెట్టారేమో అనుకున్నాను. ఆ తరువాత నా ట్రేసింగు తెచ్చి పక్కన పెట్టుకుని చూశాను. కింద ఎక్కడో ఒక గోడ మీద నా కథ అంటించి ఉంది. ఏదైనా కూలితే మనుషులు దాన్ని నమ్మి ఆ దారిన పరుగెత్తి బండకు గుద్దుకుంటారు. ఉద్యోగం ఖాయమవడానికి ఇంకా నెల ఉంది. ఒక గంటసేపు ఎవరికీ చెప్పలేదు. ఈ గంట గురించి ఇంతకు ముందు ఎక్కడా రాయలేదు. ఆ గంటలో నేను చేసిన పని, పెన్సిళ్ళన్నీ చెక్కడం. ఆఖరి పెన్సిలు కూడా అయిపోయాక లేచి వెళ్ళి చెప్పాను.

మునెప్ప గారు రెండు పటాలనూ చూశారు. తిట్టలేదు. ఆ గీత మీద వేలు పెట్టి అటు చివర నుంచి ఇటు చివరకు నడిపించారు.

"ఇది యాడుంది ఇప్పుడు?"

"కింద, గోడకు సార్."

ఆయన గూట్లోంచి హెల్మెట్ తీశారు. దాని మీది దుమ్మును పంచెతో తుడిచారు. "ఫోను చేసి తీసేయమంటే చాలదా సార్?" అన్నాను. "తీసేసినామంటారు," అన్నారు ఆయన. పన్నెండింటికి దిగే షిఫ్టుతో పాటు కుంటుకుంటూ కేజ్ దగ్గరికి, అంటే మనుషులను కిందికి దించే ఇనప గది దగ్గరికి నడిచారు. అక్కడి దాకా వెంట వెళ్ళాను. అటుపైన ఆడవాళ్ళకు దారి లేదు. ఆయన తోటివాడు ఎవరో, "యేమి మునెప్పన్నా, మోకాలు మొలిచినాదా కొత్తగా?" అని ఎగతాళి చేశాడు. ఆయన నవ్వలేదు. గది లోపలి చువ్వను పట్టుకున్న చేతి వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. కేజ్ కిందికి జారిపోయింది.

నాలుగున్నర దాకా నేను ఆఫీసులో కూర్చున్నాను. ఏమి చేశానో గుర్తులేదు. రాఘవ గురించి ఆలోచించలేదని మాత్రం గుర్తుంది. వాణ్ణి పుట్టించినందుకు వాడి మీదే కోపం వచ్చింది. ఇది న్యాయం కాదని తెలుసు.

ఆయన నిలువునా తడిసి వచ్చారు. చొక్కాలోంచి మడతపెట్టిన ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టారు. మధ్యలో ఒక మేకు రంధ్రం, దాని చుట్టూ చారు మరక.

"యెవురూ చూసిందే లేదమ్మా," అన్నారు. "దాని మింద మేకు కొట్టి క్యారియర్లు తగిలించుకోనుండారు."

సంతోషించాలో, మా ఆఫీసు గీసే పటాలన్నిటి గతీ ఇంతే అయితే ఏడవాలో నాకు తెలియలేదు. మునెప్ప గారికీ తెలిసినట్టు లేదు. ఇద్దరం ఆ మరకను చూస్తూ కూర్చున్నాం.

పొరపాట్ల రిజిస్టరులో ఆయన తన పేరు రాసుకున్నారు.

"గీసింది నేను సార్," అన్నాను.

"పిలిచింది నేను."

"మీరు పిలిచినవన్నీ ఉన్నాయి కదా సార్."

"ఊ. అదే బేజారు. ఇన్నేండ్లుగా ఉండేవే పిలుస్తా ఉండాము." ఆయన కలం మూత పెట్టారు. "లేనివి పిలిస్తే కదా దొరికేది."

నేను ఇక నవల రాయనని చెప్పాను. ఆయన అలసటగా నా వైపు చూశారు. "రాసుకోమ్మా, యెవురు వద్దనింది. గీసేటప్పుడు రాయొద్దు, అంతే."

నెల తరువాత నా ఉద్యోగం ఖాయమైంది. ఆయనకు రావలసిన ప్రమోషను ఇంకొకరికి వెళ్ళింది. ఈ రెండిటికీ ఆ రిజిస్టరుకూ సంబంధం ఉందా అని ఆయనను అడిగితే, "పోనీలేమ్మా, ఆ కుర్చీకి చేతులు లేవు," అన్నారు. నిజమే, ఆ కుర్చీకి చేతులు లేవు. అది జవాబా కాదా అన్నది ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

పద్ధతి మాత్రం మారింది. ఎవరూ ఉత్తరువు ఇవ్వలేదు. ఆయనే మార్చారు. అసలు నుంచి ఒకసారి పిలిచాక, కాగితాలు మార్చుకుని, ట్రేసింగు నుంచి రెండోసారి పిలవాలి. ఈసారి నేను నా గీతలను ఒక్కొక్కటిగా పిలిస్తే, ఆయన అసలు పటం మీద వేలు పెట్టి పలికేవారు. నా గీతకు పైన నాకంటే పెద్ద సాక్షి ఉన్నట్టు ఉండేది. పని రెండింతలైందని సెక్షనంతా గొణిగింది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆయన ముద్ద విరుస్తూ, "వాడు యేమైనాడు సరోజమ్మా, ఆ పిల్లోడు? బండలోనే విడిచిపెట్టేస్తివా?" అన్నారు.

"రాయడం లేదు సార్."

"సుమ్నే, ఊరికే అట్ల విడిచిపెడితే యెట్ల? తీసుకరా. పిలుద్దాము."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక భయం వేసింది. మరునాటి నుంచి నేను నవలలోని వాక్యాలను ఒక్కొక్కటిగా పిలిచాను. అసలు పటం ఆయన ఒంట్లో ఉంది. "చీకటి కాలనాగులా బుసకొట్టింది." "లేదు." "అతని గుండెలో దేశభక్తి ఉప్పొంగింది." "లేదు." "అతని చెమట కళ్ళలోకి కారింది." "ఉండాది." మొదటి అధ్యాయంలో ఆరు వాక్యాలు మిగిలాయి, అందులో రెండు బొద్దింకలవి. నేను మొండిగా వాదించేదాన్ని. కల్పన అంటే ఏమిటో కాలేజీలో నేర్చుకున్నదంతా చెప్పేదాన్ని. ఆయన ఓపికగా వినేవారు. విని, "లేదు" అనేవారు.

ఐదో అధ్యాయంలో, రాఘవ దీపం ఆరిపోయాక, ఈ వాక్యం ఉంది. "తన చెయ్యి తనదేనా అని ముట్టుకుని చూసుకున్నాడు." పిలిచాను. జవాబు రాలేదు. ముద్ద నములుతున్నారనుకుని మళ్ళీ పిలిచాను. ఆయన నమలడం లేదు. కిటికీ వైపు చూస్తున్నారు. కాసేపటికి క్యారియరు మూత పెట్టి, లేచి, కుళాయి దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు. తిరిగి వచ్చి, "ఇంగ రేపు," అన్నారు. మరునాడు ఆయన తరువాతి వాక్యం నుంచి మొదలుపెట్టమన్నారు.

ఆ తరువాత ఆయన రిటైరై క్యాసంబళ్ళికి వెళ్ళారు. ఆయన అక్కడ ఆవులను చూసుకుంటున్న రోజుల్లో రెండుసార్లు వెళ్ళి చూశాను. రెండుసార్లూ ఆ వాక్యం గురించి అడుగుదామని నోటిదాకా వచ్చింది. రెండుసార్లూ పాల ధర గురించి మాట్లాడి వచ్చేశాను. మూడోసారి వెళ్ళేసరికి ఆయన లేరు.

ఆ నవల పూర్తి కాలేదు. తరువాత వేరే రెండు రాశాను, చిన్నవి, ఎవరికీ హాని చేయనివి. ఆ వాక్యాన్ని మాత్రం రెండిటిలోనూ పెట్టలేకపోయాను, కొట్టేయనూ లేకపోయాను. ఏ పని చేసినా ఆయన తరఫున నేను జవాబు చెప్పినట్టు అవుతుంది. కొత్త నోటు పుస్తకం మొదలుపెట్టిన ప్రతిసారీ దాన్ని మొదటి పేజీలో రాసుకుని, ఎదురుగా కొంచెం జాగా వదులుతాను.